ఎనభై ఏళ్ల చక్రం, మా దివిసీమ ఉప్పెన

ప్రశ్న అడిగిన తమ్ముడు రాసింది క్లుప్తంగా ఇది: "నాలుగు తరాలకోసారి, అంటే దాదాపు 80 ఏళ్లకోసారి, సమాజం పెద్ద సంక్షోభంలో పడుతుందని చదివాను. కష్టకాలం గట్టి మనుషుల్ని తయారుచేస్తుందట, మంచికాలం మెత్తటి మనుషుల్ని తయారుచేస్తుందట. నాకు 26 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మా తరం మెత్తబడిపోయిందా? మన తెలుగువాళ్లకు ఈ లెక్క సరిపోతుందా?"

నేను చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ని కాను. 1984 నుంచి 2021 దాకా రెవెన్యూ శాఖలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం కృష్ణా జిల్లా తీర మండలాల్లోనే. మాది దివిసీమ, అవనిగడ్డకు దిగువన ఓ పల్లె. తరాల తేడా అన్నది నేను పుస్తకాల్లో కంటే తుఫాను రాత్రుల్లో ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టినప్పుడు ఎక్కువ చూశాను. అందుకే అక్కడి నుంచే చెబుతాను.

ముందు 80 ఏళ్ల లెక్క సంగతి. అది అమెరికా చరిత్ర చూసి కట్టిన లెక్క. 1776లో వాళ్ల స్వాతంత్ర్య ప్రకటన, 1861లో అంతర్యుద్ధం, 1941లో రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగడం. మధ్య దూరం ఇంచుమించు సమానంగా కనబడుతుంది కాబట్టి చక్రం అనిపిస్తుంది. మన దగ్గర 1857 నుంచి 1947కి 90 ఏళ్లు. ఆ తర్వాత ఏ ఏడాదిని సంక్షోభం అనాలి? 1975 ఎమర్జెన్సీనా, 1991 ఆర్థిక సంస్కరణలనా? ఎవరికి కావలసిన ఏడాది వాళ్లు ఎంచుకోవచ్చు. అలా ఎంచుకునే వీలున్న లెక్కను నేను నమ్మను.

చక్రం కావాలంటే మనకు సొంత చక్రమే ఉంది, ప్రభవ నుంచి అక్షయ దాకా 60 ఏళ్లు. మన పెద్దలు కరువులను ఆ ఏడాది పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. 1832-33లో వచ్చింది నందన కరువు. గుంటూరు ప్రాంతంలో 5 లక్షల జనాభాలో 2 లక్షల మంది పోయారని ఆనాటి లెక్క. 1876లో వచ్చింది ధాత కరువు. ఆ తర్వాత నందన మూడుసార్లు వచ్చింది, 1892లో, 1952లో, 2012లో. అలాంటి కరువు మళ్లీ రాలేదు. ధాత 1996లో వచ్చినప్పుడు మాత్రం నవంబరు 6న కోనసీమ తుఫాను వచ్చి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ ఏడాది మా ఊరి పెద్దలు కొందరు "ధాత కదా, మరి" అన్నారు. 1876లో వానలు లేక చచ్చారు, 1996లో వానా గాలీ వచ్చి చచ్చారు. ఈ రెండింటినీ కలిపేది పంచాంగంలో పేరు తప్ప ఇంకేమీ లేదు.

అయితే చక్రం అనే మాటను పూర్తిగా కొట్టిపారెయ్యను. ఒక తరం తన కష్టం తీర్చుకోవడానికి చేసిన పని, మూడో తరం నాటికి ఇంకో కష్టానికి దారి తీస్తుంది. ఇది నేను మా నేల మీదే చూశాను.

నందన కరువు లాంటివి చూశాకే గోదావరి మీద, కృష్ణ మీద ఆనకట్టలు కట్టాలన్న పట్టుదల పెరిగింది. కాటన్ దొర పూనికతో ధవళేశ్వరం ఆనకట్ట 1852కి, బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయ్యాయి. కాలువలు వచ్చాయి. ఉప్పు కట్టిన నేలలు మెల్లగా మాగాణులయ్యాయి. పులిగడ్డ అక్విడక్టు, అంటే నదిని దాటించే కాలువ వంతెన, మీదుగా కృష్ణా నీళ్లు దివిసీమకూ చేరాయి. నీళ్లు ఎంత కిందికి పోతే ఊళ్లు అంత కిందికి జరిగాయి, సముద్రానికి ఇంకా దగ్గరగా. ఇది తప్పని నేను అనను, ఆ కాలువ నీళ్లతో పండిన బియ్యం తినే నేను పెరిగాను. కానీ కరువు భయం తీర్చిన కాలువే మమ్మల్ని ఉప్పెనకు ఎదురుగా కూర్చోబెట్టింది.

1864 నవంబరు 1న బందరు ఉప్పెన వచ్చింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. ఆ తర్వాత మా వైపు అంత పెద్దది వచ్చింది 1977 నవంబరు 19న. మధ్యలో 113 ఏళ్లు. చూసినవాళ్లు పోయారు, చూసినవాళ్ల నోటి నుంచి విన్నవాళ్లూ చాలావరకు పోయారు. "బందరు ఉప్పెనలో కొట్టుకుపోయినట్టు" అని మా చిన్నప్పుడు మాటల్లో వాడేవాళ్లం. అది నిజంగా జరిగిన సంగతి అని ఆలోచించిన పాపాన పోలేదు.

1977లో నాకు 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. దీపావళి వెళ్లి వారం దాటింది. చేలు కోతకొచ్చి ఉన్నాయి. ఆ శనివారం పొద్దున్నుంచీ గాలి. రేడియోలో తుఫాను అన్నారు. తుఫాను మాకు కొత్త కాదు, కప్పు లేచిపోతే మళ్లీ వేసుకోవచ్చు అనుకునేవాళ్లం. సాయంత్రం దక్షిణం వైపు నుంచి ఒక మోత వినబడింది. రైలు వస్తున్నట్టు ఉందని మా చెల్లి అంది. మా ఊరికి రైలు లేదు.

మా నానమ్మ వసారాలో కూర్చుని ఉంది. అప్పటికి ఆమెకు 70 దాటాయి. ఒక్కసారిగా లేచి మా నాన్న మీద అరిచింది, "గొడ్ల పలుపులు కొయ్యరా, ముందు పలుపులు కొయ్యి!" నాన్న కొడవలి తీసుకుని పశువుల పాకలోకి పరిగెత్తాడు. మూడు గేదెల పలుపులు కోసి వచ్చేలోపు నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. మేం స్కూలు డాబా ఎక్కేసరికి ఛాతీ దాకా ఉన్నాయి. మర్నాడు తెల్లారి చూస్తే రెండు గేదెలు కాలవ గట్టు మీద నిలబడి ఉన్నాయి. కట్టేసి ఉన్నవి ఎక్కడివక్కడే చచ్చి పడి ఉన్నాయి. మనుషుల సంగతి నేను వివరంగా రాయను. ఆ ఉప్పెనలో పోయినవాళ్లు అధికారిక లెక్కలోనే సుమారు 10 వేలు. సొర్లగొంది లాంటి ఊళ్లు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. మా పెద్దమ్మ కుటుంబంలో ఒక్క పిల్లవాడు మిగిలాడు, తాటిచెట్టు పట్టుకుని.

తర్వాత చాలా రోజులకు నానమ్మను అడిగాను, పలుపుల సంగతి నీకెలా తట్టిందని. వాళ్ల తాత చెప్పేవాడట. ఆయన చిన్నప్పుడు బందరు ఉప్పెన చూశాడు. "నీళ్లొస్తే ముందు గొడ్ల పలుపులు కొయ్యాలి" అని పిల్లలకు చెబుతూ ఉండేవాడట. ఎందుకు చెబుతున్నాడో వాళ్లు అడగలేదు, ఆయనా వివరించలేదు. 113 ఏళ్లలో మా ఇంట్లో మిగిలింది ఆ ఒక్క వాక్యం. గాలికీ ఉప్పెనకూ తేడా ఏమిటో, నీళ్లు ఎటు నుంచి వస్తాయో, ఎంతసేపు ఉంటాయో, అవన్నీ మధ్యలో ఎక్కడో రాలిపోయాయి. మిగిలిన ఒక్క వాక్యం రెండు గేదెల్ని కాపాడింది. ఆ ఏడాది మేం బతికింది వాటి పాలు అమ్ముకునే.

తరాల గురించి ఎవరు ఏ సిద్ధాంతం చెప్పినా నాకు ముందు గుర్తొచ్చేది ఈ వాక్యమే.

1977 తర్వాత కథ మారింది. మండలి వెంకట కృష్ణారావు గారు అప్పుడు మంత్రి, మా ప్రాంతం మనిషి. ఆయన సహాయ చర్యల్లో మునిగిపోయి తిరగడం మేం కళ్లారా చూశాం. దేశం నలుమూలల నుంచి సంస్థలు వచ్చి పక్కా ఇళ్లు కట్టించాయి, తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మే 9న మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే పెద్ద తుఫాను తీరం దాటింది. బలంలో 1977 నాటి దానికి తీసిపోనిది. పోయినవాళ్లు వెయ్యికి లోపు. ఆ వెయ్యి తక్కువని కాదు, కానీ 13 ఏళ్లలో పది వేల నుంచి వెయ్యికి రావడం ఊరికే జరగలేదు. అప్పుడు నేను రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ని. ముందు రోజు మైకు కట్టిన జీపులో ఓ ఊరికి వెళ్తే, మేం నోరు తెరవకముందే ముసలివాళ్లు మూటలు సర్దుకుని షెల్టరు మెట్ల మీద కూర్చున్నారు. ఒకావిడ నన్ను కోప్పడింది, ఇంత ఆలస్యంగానా రావడం అని. దారిలో చాలా ఇళ్ల ముందు పలుపులు విప్పేసి ఉన్నాయి. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అక్కడి నుంచి 2013 నవంబరుకు రండి. హెలెన్ తుఫాను మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటబోతోంది. నేను డిప్యూటీ తహశీల్దారుని. ఒక డాబా ఇంటి ముందు 24, 25 ఏళ్ల కుర్రాడు ఫోన్ చూపించాడు. "సార్, మ్యాప్ చూడండి, దీని బలం ఇంత, దారి ఇది. మాది స్లాబు ఇల్లు. ఎందుకండీ ఈ టెన్షన్?" అతను మూర్ఖుడు కాడు, మెత్తటివాడూ కాడు. గాలి వేగం, వాయుగుండం దారి నాకంటే బాగా తెలుసు అతనికి. నీళ్లు వస్తే ఏమవుతుందో మాత్రం తెలియదు. వాళ్ల నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు, నా ఈడువాడే. నేను ఆయన వైపు తిరిగి, "మీరు చెప్పలేదా?" అని అడిగాను. ఆయన కళ్లు కిందికి దించుకుని, "ఎప్పుడూ చెప్పలేదండీ. చెప్పబోతే అమ్మ గుర్తొస్తుంది" అన్నాడు. ఆ రాత్రి అందరూ షెల్టరుకు వచ్చారు. కొడుకు వచ్చింది నా మాట విని కాదు, నాన్న ఏడవడం మొదటిసారి చూసి.

తమ్ముడూ, మీ ప్రశ్నకు నా జవాబులో సగం ఇదే. మనిషి ఏ తరంవాడో పుట్టిన ఏడాదిని బట్టి తేలదు. 15 నుంచి 25 ఏళ్ల మధ్య అతని మీదకు ఏం వచ్చిపడిందో దాన్ని బట్టి తేలుతుంది. ఆ వయసులో చూసింది జీవితాంతం లోపల ఉండిపోతుంది. ఆకాశం ముసురుకుంటే నేను ఇప్పటికీ ముందు దక్షిణం వైపు చెవి పెడతాను. మీకు ఆ వయసులో వచ్చిపడింది కరోనా. ఆ రెండేళ్లు మీ లోపల ఏం మిగిల్చాయో మా తరానికి పూర్తిగా అర్థం కాదు. మీ పిల్లలకూ మీరు చెబితే తప్ప అర్థం కాదు. మీరు మెత్తబడ్డారని అనేవాళ్లను నేను ఒప్పుకోను. చూడనిదాన్ని చూసినట్టు భయపడమంటే ఎవరికైనా కష్టమే. 1977కు ముందు మేమూ అంతే ఉన్నాం.

ఇంకో సగం చెప్పడం నాకు కొంచెం కష్టం. చూసినవాళ్లంతా జాగ్రత్తగా ఉంటారని అనుకోకండి. ఉప్పెన జోరును ఎంతో కొంత తగ్గించేవి మడ అడవులు. 1980ల చివర, 90లలో తీరం వెంట రొయ్యల చెరువులు తవ్వినప్పుడు వాటిలో చాలా భాగం పోయింది. తవ్వించింది ఎవరు? 1977 చూసిన మేమే. మా నాన్న కూడా 1992లో మూడు ఎకరాలు చెరువుకు కౌలుకిచ్చాడు. వరి మీద ఎన్నో ఏళ్లకు వచ్చే డబ్బు ఒక్క పంటకు వస్తుంటే, చెల్లి పెళ్లి ముందుంటే, కాదనలేకపోయాడు. 1994, 95లలో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులన్నీ ఎండాయి, చాలామంది అప్పులపాలయ్యారు. 1996లో సుప్రీంకోర్టు తీరప్రాంతంలో చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. ఇక జనం నేర్చుకున్నారు అనుకున్నాను. 2009లో వనామి రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ అదే పరుగు. ఈసారి తవ్వినవాళ్లలో తెల్లమచ్చ దెబ్బ తిన్నవాళ్ల కొడుకులే కాదు, దెబ్బ తిన్నవాళ్లూ ఉన్నారు. కష్టం మనిషిని గట్టిపరుస్తుందన్న మాట నాకు అర్ధసత్యంగానే కనబడుతుంది. గుర్తు ఒక్కటే ఉంటే చాలదు, డబ్బు ముందు అది నిలబడదు.

మరి 1990లో నిలబడింది ఏమిటి? షెల్టరు కాంక్రీటు, ఎవరు ఏ ఊరికి వెళ్లాలో రాసిన డ్యూటీ లిస్టు, పోర్టులో ఎగిరే ప్రమాద సూచిక, ఊరు ఖాళీ చేయించే అధికారం. ఉప్పెన చూసిన మనుషులు తమ భయాన్ని అలా వస్తువుల్లో, రూల్సులో పెట్టారు. ఒడిశా చూడండి. 1999 అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్‌లో సుమారు 10 వేల మంది పోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, మృతులు పదుల్లోనే. మధ్యలో 14 ఏళ్లే. 1999లో శవాలు మోసినవాళ్లు ఇంకా డ్యూటీలో ఉండగానే ఆ ఏర్పాటు పూర్తయింది.

ఆ మనుషులు రిటైరయ్యాక ఏమవుతుందన్నది నాకు దిగులు. షెల్టర్లు కట్టించిన తరం వాటికి సున్నం వేయించే ఖర్చు గురించి ఆలోచించలేదు. నేను చూసిన ఒకదానిలో ధాన్యం బస్తాలు పెట్టారు, ఇంకోదానికి తాళం వేసి తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. 2011 నుంచి కేంద్ర ప్రాజెక్టు కింద మన రాష్ట్రంలో, ఒడిశాలో కొత్తవి కట్టారు. సంతోషమే. వాటిని కూడా ఇంకో ఇరవై ఏళ్లు ఉప్పెన రాకపోతే ఎవరు చూస్తారు? ముప్పు రాని ప్రతి ఏడాదీ ఆ ఖర్చు దండగలా కనబడుతుంది. బడ్జెట్ మీటింగుల్లో కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను, తుఫాను వచ్చిన మరుసటి ఏడాది ఎవరూ ప్రశ్నించరు. ఏడో ఏడాది నుంచి ప్రశ్నలు మొదలవుతాయి.

ఇదే తీరు ఇంకోచోట కూడా చూశాను, త్వరగా చెప్పేస్తాను. జనాభా పెరిగిపోతుందన్న భయంలో పెరిగిన తరం 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులని రాసింది. నేనే నామినేషన్లు పరిశీలించేటప్పుడు ఆ రూల్ కింద కొన్నింటిని తిరస్కరించాను. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ నిబంధనను తీసేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక మహిళకు సగటున 1.7 మంది పిల్లలే. ముప్పై ఏళ్లలో భయం తలకిందులైంది. 94లో ఆ చట్టం చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్ల చిన్నప్పటి కష్టానికి మందు వేశారు, అది వాళ్ల మనవల కాలానికి పనికిరాకుండా పోయింది.

ఈ జనాభా సంగతి మళ్లీ ఉప్పెన దగ్గరికే తీసుకొస్తుంది. 1977లో మా వీధిలో ఇంటికి ముగ్గురు, నలుగురు వయసు పిల్లలం. ముసలివాళ్లను భుజాల మీద మోసింది మేమే. ఇవాళ అదే వీధిలో 60 దాటినవాళ్లమే ఎక్కువ. పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో. మా అబ్బాయీ అంతే. తుఫాను వార్త రాగానే వీడియో కాల్ చేసి, "నాన్నా, షెల్టరుకు వెళ్లారా?" అని అడుగుతాడు. ప్రేమ తక్కువేం కాదు. కానీ మంచం పట్టిన మా పక్కింటి మామ్మను మెట్లెక్కించేది ఎవరు? చెరువుల దగ్గర కాపలా ఉండే కుటుంబాల్లో కొంతమంది యానాదులు, వాళ్లకు నీటి గురించి మనకంటే బాగా తెలుసు. మిగతావాళ్లు బయటి జిల్లాల నుంచి, బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు షెల్టరు ఎటుందో కూడా తెలియదు. వచ్చే ఇరవై ఏళ్లలో దివిసీమలో ఏం జరుగుతుందని ఎవరైనా అడిగితే, పంచాంగం చూసి 1977 నాటి పింగళ నామ సంవత్సరం 2037లో మళ్లీ వస్తోందని నేను భయపడను. ఆ రాత్రి ఊళ్లో ఎవరు ఉంటారన్నదే నా భయం.

2021 తర్వాత నేను చేస్తున్న పని ఒకటుంది. మా చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో 1977 చూసినవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది నోట్‌బుక్కుల్లో రాస్తున్నాను. ఏటా నవంబరు 19న నివాళి పెడతాం, దండలు వేస్తాం, మంచిదే. కానీ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ రోజు ఎవరూ పిల్లలకు చూపించరు. పోయినేడాది మా స్కూలు హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే, పిల్లలను తీసుకెళ్లి డాబా గోడ మీద ఆనాటి నీటిమట్టం దగ్గర నీలం రంగుతో గీత గీయించాను. ఆరో తరగతి పిల్ల దాని పక్కన నిలబడింది. గీత ఆమె తల మీదుగా పోయింది. అక్కడున్న పిల్లలు ఒక్కసారిగా మాట్లాడడం ఆపేశారు.

మీ నానమ్మ, తాతయ్య రేపల్లె దగ్గర ఉన్నారని ప్రశ్న చివర రాశారు. అదీ కృష్ణా ఒడ్డే, మాకు ఎదురుగట్టు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు "ఆ రోజుల్లో ఎలా ఉండేది" అని అడక్కండి, దానికి అందరూ ఒకేలా చెబుతారు. నీళ్లు ఏ వైపు నుంచి వచ్చాయి, ముందు ఏం వినబడింది, ఏ ఇల్లు నిలబడింది, దాని పునాది ఎంత ఎత్తు, గొడ్లను ఎవరు విప్పారు, ఎవరి మాట విని బయటికొచ్చారు, ఎవరి మాట వినక ఆగిపోయారు అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వాళ్లు మధ్యలో ఆగిపోతే ఆగనివ్వండి, మర్నాడు మళ్లీ అడగండి. విన్నది ఇక్కడే రాయండి, నా నోట్‌బుక్కుల్లో ఎదురుగట్టు సంగతులు ఇంకా ఒక్కటీ లేవు.